మందీ బజార్‌లో దలాల్ రోజీ

మన ఇళ్ళల్లో రిష్తా మాటలు జరిగేటప్పుడు "లడ్కా ఏం చేస్తాడు?" అని అడిగి, "రియల్ ఎస్టేట్" అన్న జవాబు వినగానే చాయ్ కప్పు కింద పెట్టేసే ఖాలాలను మీరూ చూసే ఉంటారు. ఆ జవాబుకు వాళ్ళు చెప్పుకునే మానీ ఒకటే. లడ్కాకు బండి ఉంది, ఫోన్ ఉంది, పని లేదు. మన పెద్దల కాలంలో ఇదే పనిని దలాలీ అనేవాళ్ళు. ఆ మాట సగం తిట్టులాగే వాడేవాళ్ళు. అయినా మీ ఖాందాన్‌లో లెక్కపెట్టి చూడండి. రియాద్ నుంచి వాపస్ వచ్చిన ఒక భాయ్, డిగ్రీ మధ్యలో ఆపేసిన ఒక భాంజా, రిటైరైన ఒక చాచా, వీళ్ళలో ఒక్కరైనా పొద్దున్నే ప్లాట్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపుతూనే ఉంటారు.

మా ఇంట్లో అలాంటివాళ్ళు ఇద్దరు. ఒకరు మా మామూ. ముప్పై ఏళ్ళకు పైగా మెహదీపట్నం, టోలీచౌకీ గల్లీల్లో ఇళ్ళు ఇప్పిస్తున్నాడు. రెండోవాడు మా తమ్ముడు. 2021లో, రేట్లు పైకి పోతున్న రోజుల్లో ఈ పనిలోకి దిగాడు. నేను స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని. ఇంగ్లీషులో ఉండే దస్తావేజులు, చట్టం కాగజ్‌లు చదివి వీళ్ళకు అర్థం చెప్పడం నా వంతు. అందుకే ఇద్దరి పనీ దగ్గర నుంచి చూశాను. రేట్లు పెరిగినంత కాలం ఇద్దరి మధ్య ఫరక్ నాకు పెద్దగా కనిపించలేదు. మందీ వచ్చాకే కనిపించింది.

మామూకి మందీ కొత్తకాదు. 2009 జనవరిలో సత్యం కంపెనీ వ్యవహారం బయటపడినప్పుడు ఒకసారి చూశాడు. ఆ ఏడాది చివర తెలంగాణ ఉద్యమం ఊపందుకుని, నగరం ఏమవుతుందోనని కొనేవాళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఇంకోసారి. 2016 నవంబర్‌లో 500, 1000 నోట్లు రద్దయినప్పుడు ఇంకోసారి. 2020లో లాక్‌డౌన్, దాని వెనకే సెప్టెంబర్ నుంచి రిజిస్ట్రేషన్లే ఆగిపోయాయి, మామూలు ఇళ్ళకు డిసెంబర్‌లో గానీ మళ్ళీ మొదలు కాలేదు. 2024 జూలైలో హైడ్రా వచ్చి చెరువుల్లోని కట్టడాలు కూల్చడం మొదలుపెట్టాక, కొనేవాళ్ళ నోట మొదటి సవాల్ మారిపోయింది. "గజం ఎంత?" బదులు "చెరువు ఎంత దూరం?" అని అడగసాగారు.

"ప్రతి మందీలోనూ బజార్ నుంచి ముందుగా వెళ్ళిపోయేవాడు ఒకడే బేటా. ఆరు నెలల్లో అమ్ముకుందామని కొనేవాడు. వాడు పోతాడు. జరూరత్ ఉన్నవాడు ఎక్కడికి పోతాడు?" అంటాడు మామూ.

నిజమే కదా. బేటీ షాదీ మందీ చూసి ఆగదు. అబ్బా పోయాక వారిసులు విడిపోక తప్పదు. మోకాళ్ళ నొప్పులున్న దాదీకి మూడో అంతస్తు నుంచి కిందికి మారాలి. కిరాయాదారుకి మకాన్ మాలిక్ నోటీసు ఇస్తాడు. ఇలాంటివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కాకపోతే వీళ్ళు ఫొటో చూసి పరిగెత్తుకు రారు. పది ఇళ్ళు చూస్తారు, ఇరవైసార్లు అడుగుతారు, కాగజ్ వకీల్‌కి చూపిస్తారు. రేట్లు పెరిగే రోజుల్లో ఫొటో ఫార్వర్డ్ చేస్తే సౌదా అయ్యేది. ఇప్పుడు ఆ పని ఒక్కటే వచ్చినవాడికి రోజీ ఆగిపోతుంది. మా తమ్ముడికి నాలుగు నెలలు ఒక్క సౌదా కూడా కుదరలేదు. దుల్హన్ నా దగ్గరకొచ్చి, "ఆపా, ఈయన క్యాబ్ నడుపుతానంటున్నాడు, మీరైనా చెప్పండి" అంది. ఏం చెప్పాలో నాకూ తెలియలేదు. వాణ్ణి మామూ వెంట తిరగమన్నాను. ఆ తిరుగుడులో వాడు నేర్చుకున్నది, వాడి ద్వారా నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి లడ్కా ఉంటే పనికొస్తుంది. ఇల్లు అమ్మాలో కొనాలో ఉన్నవాళ్ళకైతే ఇంకా పనికొస్తుంది.

టోలీచౌకీ దగ్గర ఒక గల్లీలో 160 గజాల పాత ఇల్లు. కిందా పైనా కట్టింది. రెండేళ్ళుగా అమ్మకానికి ఉంది. నలుగురు దలాల్‌లు ఫొటోలు తీసుకుని వెళ్ళారు, ఎవరూ అమ్మించలేకపోయారు. "బజార్ డల్‌గా ఉంది" అనే అందరి మాటా. మామూ తమ్ముణ్ణి తీసుకుని ఆ ఇంటికెళ్ళాడు. రేటు సంగతి ఎత్తనే లేదు. దస్తర్‌ఖాన్ మీద కూర్చుని, ఇంటి మాలిక్ ఎప్పుడు ఇంతెఖాల్ అయ్యారు, వారిసులు ఎవరెవరు, ఎక్కడెక్కడ ఉన్నారు అని రెండు గంటలు అడిగాడట. అప్పుడు అసలు గిరహ్ బయటపడింది.

మర్హూమ్‌కి బీవీ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. విరాసత్ లెక్కలో బీవీకి ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. మొత్తం 48 హిస్సాలు చేస్తే అమ్మీకి 6, ఒక్కో కొడుక్కి 14, ఒక్కో కూతురికి 7. ఇంతవరకు సీదా. అయితే పెద్ద కొడుకు అబ్బా తర్వాత మూడేళ్ళకు పోయాడు. అతని 14 హిస్సాలు అతని బీవీకి, ఇద్దరు చిన్నపిల్లలకు, మళ్ళీ అమ్మీకి పంచాలి. చిన్న కొడుకేమో "అబ్బా ఈ ఇల్లు నాకు నోటితో హిబా చేశారు" అంటున్నాడు. కూతుళ్ళ సంగతి అడిగితే "బహెన్లు మాఫ్ చేసేశారు" అన్నాడు. నలుగురు దలాల్‌లలో ఒక్కడూ ఈ సంగతులు అడగలేదు. కొనడానికొచ్చిన వాళ్ళ వకీల్‌లు మాత్రం అడిగారు. అడిగినవాళ్ళు అడిగినట్టే వెళ్ళిపోయారు. ఇల్లు అమ్ముడుపోకపోవడానికి బజార్ మీద నింద వేశారు.

మామూ చిన్న కొడుకుతో తగాదా పెట్టుకోలేదు. ఒకే ఒక్క సవాల్ వేశాడు. "బాబా, నోటితో చేసిన హిబా మన దగ్గర చెల్లుతుంది, నేను కాదనను. ఇస్తున్నానని అనాలి, తీసుకున్నానని అనాలి, ఖబ్జా కూడా ఇవ్వాలి. పై అంతస్తు కిరాయా అబ్బా పోయేదాకా ఎవరి చేతికి వచ్చేది?" లడ్కా కాసేపు మాట్లాడలేదు. "అబ్బా చేతికే" అన్నాడు. హిబా మాట అక్కడితో ముగిసింది.

పిల్లల హిస్సా ఇంకా ముష్కిల్. ఈ సంగతి మన ఇళ్ళల్లో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. తండ్రి లేని నాబాలిగ్ పిల్లల ఆస్తిని తల్లి తన దస్తఖత్‌తో అమ్మేయవచ్చని అందరూ అనుకుంటారు. ముస్లిం పర్సనల్ లాలో ఆస్తికి వలీ తండ్రి, తండ్రి వసీయత్‌లో నియమించినవారు, తర్వాత తండ్రి తండ్రి, ఆయన నియమించినవారు. వీళ్ళెవరూ లేకపోతే తల్లి గానీ చాచా గానీ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకెళ్ళి ఇజాజత్ తెచ్చుకోవాలి. అది లేకుండా చేసిన అమ్మకం పిల్లల హిస్సా మేరకు చెల్లదు. రేపు ఆ పిల్లలు బాలిగ్ అయ్యాక కోర్టుకెళ్తే, కొన్నవాడు పిల్లాపాపలతో అదే ఇంట్లో కూర్చుని తలపట్టుకోవాలి. మామూ తనకు తెలిసిన వకీల్‌ని పిలిపించి దర్ఖాస్తు వేయించాడు. ఇజాజత్ రావడానికి ఏడు నెలలు పట్టింది. పిల్లల వంతు రకమ్ వాళ్ళ పేరు మీదే బ్యాంకులో పెట్టాలని కోర్టు షరతు పెట్టింది. బేవా అయిన ఆ దుల్హన్ షరతు విని ఊపిరి పీల్చుకుంది. ఇన్నాళ్ళూ ఆమె భయం అదే, పిల్లల హిస్సా ఎక్కడ గల్లంతవుతుందోనని.

ఆ ఏడు నెలలూ దలాల్‌కి ఒక్క రూపాయి రాదు. తమ్ముడు విసుక్కుంటే మామూ, "మందీలో నీ దగ్గర ఎక్కువగా ఉన్నదేమిటి? వక్త్. దాన్ని ఫొటోలు పంపడానికి ఖర్చు చేస్తావా, కాగజ్ సాఫ్ చేయడానికి ఖర్చు చేస్తావా?" అన్నాడట. కాగజ్ సాఫ్‌గా ఉన్న ఇల్లు మందీలో కూడా అమ్ముడవుతుంది. తిరకాసు ఉన్న ఇల్లు రేట్లు పెరిగే రోజుల్లో కూడా ఎవడో ఒకణ్ణి ముంచే అమ్ముడవుతుంది.

తర్వాత రేటు మాట. చిన్న కొడుకు గజానికి లక్ష చెప్పాడు, అంటే 1 కోటి 60 లక్షలు. "పక్కింటివాళ్ళు లక్షా పదివేలు చెబుతున్నారు, మేం తక్కువే చెబుతున్నాం" అన్నాడు. మామూ దగ్గర ఒక పాత రిజిస్టర్ బుక్కు ఉంది. అందులో చెప్పిన రేట్లకు వేరే ఖానా, కుదిరిన రేట్లకు వేరే ఖానా. గల్లీ వెడల్పు, గజాలు, ఇంటి ముఖం ఎటు, మాలిక్ ఏం చెప్పాడు, ఎంతకు తెగింది, ఎన్ని రోజులు పట్టింది, ఎందుకు తెగింది, అన్నీ చేతిరాతతో ఉంటాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కాగజ్‌లో కనబడే రకమ్ చాలాసార్లు అసలు ధర కాదు. ఆన్‌లైన్‌లో కనబడేది మాలిక్ ఖ్వాహిష్. తెగిన రేటు తెలిసేది సౌదాలో కూర్చున్న దలాల్‌కే. ఆ బుక్కు చూపించి, ఈ చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళు ఈ ఏడాది 85 నుంచి 92 వేల మధ్య తెగాయని మామూ చెప్పాడు. 90 వేలకు తెగితే 1 కోటి 44 లక్షలు.

చిన్న కొడుకు ఒప్పుకోలేదు. ఆగుదామన్నాడు. ఇంకెవరైనా అయితే బ్యాంకు వడ్డీ లెక్క చెప్పేవాళ్ళు. మన ఇళ్ళల్లో ఆ లెక్క చెబితే మొహం తిప్పుకుంటారు. అందుకని మామూ కిరాయా లెక్క చెప్పాడు. ఇంటి ఒక కూతురు నల్గొండలో నెలకు 9 వేల కిరాయాలో ఉంటోంది. 1 కోటి 44 లక్షల్లో ఒక్కో హిస్సా 3 లక్షలు, ఆమె 7 హిస్సాలకు 21 లక్షలు. ఆ రకమ్‌తో అక్కడ ఒక చిన్న ఇల్లు చూసుకోవాలని ఆమె ఉమ్మీద్. 1 కోటి 60 లక్షలు వచ్చేదాకా ఆగితే ఆమెకు అదనంగా వచ్చేది 2 లక్షల 33 వేలు. ఈలోగా గడిచిన రెండేళ్ళలో ఆమె కట్టిన కిరాయా 2 లక్షల 16 వేలు. "ఇంకో రెండు నెలలు ఆగు బాబా, నీ బహెన్‌కి ఆగినందుకు మిగిలేది సున్నా. ఆ పైన అంతా నష్టమే. అది కూడా ఎవరైనా లక్ష ఇస్తే." ఈ లెక్క మామూ అందరి ముందూ కాగితం మీద వేశాడు. బహెన్‌లను ఫోన్‌లో కలిపాడు. అప్పుడు తెలిసింది, మాఫ్ చేశామని వాళ్ళు ఎన్నడూ అనలేదు. "తమ్ముడు అడిగితే ఏమనగలం మామూ, చుప్ కూర్చున్నాం" అంది నల్గొండ ఆమె. మన ఇళ్ళల్లో బహెన్ చుప్‌గా ఉండటాన్ని మాఫీ కింద రాసుకోవడం అలవాటైపోయింది. రిజిస్ట్రీ రోజు బహెన్లు స్వయంగా వచ్చి దస్తఖత్ చేయాలని, ఎవరి చెక్కు వాళ్ళ పేరు మీదే రావాలని మామూ షరత్ పెట్టాడు. ఇందులో దలాల్‌కి ఏం పని అంటారా? వారిసులందరూ రాజీగా ఉన్న ఇల్లే కొనేవాడికి కావాలి.

ఇక కొనేవాడు ఎలా దొరికాడో చెప్పాలి. తమ్ముడు నేర్చుకున్నవాటిలో అసలైన గుర్ అదే.

బ్యాంకు లోన్ వడ్డీ తగ్గితే బజార్ లేస్తుందని పేపర్లలో రాస్తారు. మనవాళ్ళలో చాలామంది సూద్‌కి భయపడి లోన్ జోలికే పోరు. ఇల్లు కొనాలంటే గల్ఫ్ కమాయీ కావాలి, లేదా కమిటీ ఎత్తాలి, సోనా అమ్మాలి, లేకపోతే ఎప్పుడో కొన్న ప్లాటు అమ్మాలి. మందీలో ఆ ప్లాటు అమ్ముడుపోదు. అంటే మనవాళ్ళకు పైసా లేక కాదు, పైసా ఇంకోచోట ఇరుక్కుపోయి ఉంది. దాన్ని విడిపించగలిగిన దలాల్‌కి ఒకటికి రెండు సౌదాలు.

జిద్దాలో పనిచేసే ఒక కుటుంబానికి టోలీచౌకీలో ఇల్లు కావాలి. 90 లక్షల దాకా చేతిలో ఉంది. మిగతా రకమ్ జల్‌పల్లి వైపు ఒక ప్లాటులో, మణికొండ వైపు ఒక చిన్న ఫ్లాటులో ఉంది. వాళ్ళకు ఇల్లు చూపించిన దలాల్‌లు అందరూ "ముందు ప్లాటు అమ్ముకుని రండి" అని పంపేశారు. తమ్ముడు ఆ ప్లాటునే పట్టుకున్నాడు. ప్లాటు ఎవరికి జరూరత్? షాహీన్ నగర్‌లో కిరాయా షెడ్డులో ఫర్నిచర్ కార్‌ఖానా నడుపుతున్న ఒక మిస్త్రీ భాయ్‌ని మాలిక్ ఖాళీ చేయమంటున్నాడు. అతను జాగా వెతుకుతున్నాడని తమ్ముడికి తెలుసు, ఎందుకంటే అంతకుముందు అతనికి కిరాయా గోదాం చూపించాడు. మిస్త్రీ దగ్గర సగానికి పైగా రకమ్ ఉంది, మిగతాది ఐదు నెలల్లో ఇస్తానన్నాడు. మందీలో బేరం రేటు మీద కంటే గడువు మీద ఎక్కువ నడుస్తుంది. గజానికి వెయ్యి తగ్గించమని గంటసేపు పోట్లాడే మాలిక్, ఐదు నెలల గడువుకు పది నిమిషాల్లో ఒప్పుకుంటాడు. మంచి బయానా ఇచ్చి, తారీఖులు అగ్రిమెంట్‌లో రాసి, గడువు తప్పితే ఏం చేయాలో కూడా ముందే రాసుకుంటే చాలు.

కాగజ్‌లు నా దగ్గరికొచ్చాయి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ పర్మిషన్ చూశాం. ఆ సర్వే నంబరు వక్ఫ్ గజిట్‌లో ఉందా, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉందా చూశాం. పహాడీ షరీఫ్ వైపు ఏది కొన్నా ఇది చూడకుండా బయానా ఇవ్వకండి. చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దులు మ్యాపులో చూసి, మిస్త్రీని కూడా తీసుకెళ్ళి జమీన్ మీద చూపించారు. జిద్దా భాయ్ తన సాలాకు ముఖ్తార్‌నామా పంపాడు. అది అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ అయి, ఇక్కడికి వచ్చాక మూడు నెలల్లోపు స్టాంపు కట్టించుకోవాలి.

ఇంకో సంగతి. అమ్మేవాడు ఇండియాలో ఉంటే, ధర 50 లక్షలు, ఆ పైన ఉంటేనే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ కోయాలి. అమ్మేవాడు ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ 50 లక్షల మినహాయింపు లేదు, రేటు కూడా చాలా ఎక్కువ. 50 లోపే కదా అని కోయకపోతే నోటీసు వచ్చేది కొన్నవాడికి. మిస్త్రీ భాయ్‌కి ఇది చెప్పినప్పుడు, "ఇంతకుముందు ఎవడూ చెప్పలేదు ఆపా" అన్నాడు. ముందే చెప్పడం వల్ల జిద్దా భాయ్ తక్కువ కోత కోసం ఇన్‌కం ట్యాక్స్ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్‌కి దర్ఖాస్తు పెట్టుకున్నాడు. రిజిస్ట్రీ రోజు తగాదా లేదు.

ప్లాటు రకమ్ విడిపోయింది, ఫ్లాటు కూడా ఒక ఉస్తాద్ సాబ్ తీసుకున్నారు. ఈలోపు కోర్టు ఇజాజత్ వచ్చింది. ఇల్లు గజం 90 వేలకు తెగింది. మూడు సౌదాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి. ఒక్క ఇల్లు అమ్మించడానికి తిరిగిన నలుగురు దలాల్‌లకు ఈ గొలుసు కనబడలేదు, ఎందుకంటే వాళ్ళు ఇల్లు ఎవరిదో తెలుసుకున్నారు గానీ కొనేవాడి పైసా ఎక్కడుందో అడగలేదు.

ఇదంతా సాఫీగా జరిగినట్టు రాశాను గానీ, మధ్యలో ఆ ఏడు నెలల్లో మా ఇంట్లో ఒక పరీక్ష వచ్చింది. పిల్లల స్కూల్ ఫీజు తారీఖు దగ్గర పడింది. అప్పుడే ఒక కంపెనీవాళ్ళు తమ్ముణ్ణి పిలిచారు. ప్రీ-లాంచ్ ఫ్లాట్లు, బజార్ రేటు కంటే ఎంతో తక్కువ, పూర్తి రకమ్ ముందే కట్టాలి. దలాల్‌కి మామూలుగా దొరికే ఒక శాతం, రెండు శాతం కాదు, దానికి ఎన్నో రెట్లు. "మీ ఖాందాన్‌లో గల్ఫ్ లడ్కాలు ఉంటారుగా, నలుగురిని తెస్తే చాలు" అన్నారట. వాడు వచ్చి నా ముందు కూర్చున్నాడు. కళ్ళల్లో ఆశ ఉంది, భయమూ ఉంది. నేను 2016 రెరా చట్టం తీసి చదివి వినిపించాను. రెరా పరిధిలోకి వచ్చే ప్రాజెక్టును అక్కడ రిజిస్టర్ చేయకముందు ప్రచారం చేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ప్లాట్లయితే జాగా 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లయితే ఎనిమిది దాటినా మామూలుగా రిజిస్టర్ కావలసిందే. రిజిస్టర్ అయ్యాక కూడా అగ్రిమెంట్ రిజిస్ట్రీ కాకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. అలాంటి ప్రాజెక్టులో అమ్మించే ఏజెంట్ తాను కూడా రెరాలో రిజిస్టర్ అయి ఉండాలి.

వాడు మర్నాడు వెళ్ళి రెరా నంబరు అడిగాడు. "వస్తోంది" అన్నారు. వచ్చాకే మాట్లాడదామని లేచి వచ్చేశాడు. ఆ నెల ఫీజు నాలుగు కిరాయా ఇళ్ళు ఇప్పించి కట్టాడు. ఒక్కో ఇంటికి దొరికింది పదిహేను రోజుల కిరాయా. ఎండలో మెట్లెక్కి దిగి, తాళం చెవుల కోసం గేటు దగ్గర నిలబడి కమాయించిన పైసా. వాడు తేబోయిన నలుగురూ మా ఫుప్పూ కొడుకులు, మా పక్కింటి లడ్కాలు. ఎడారిలో పదేళ్ళు ఒంటరిగా ఉండి కూడబెట్టిన రకమ్ అది. కంపెనీవాడు రేపు ఆఫీసు ఎత్తేసి పోతాడు. దలాల్ మాత్రం అదే మొహల్లాలో ఉంటాడు, అదే మస్జిద్‌లో నిలబడతాడు, వాళ్ళ ఇంటి దావత్‌కే వెళ్ళాలి.

కిరాయా పనిని చిన్నదని తమ్ముడు ఇదివరకు పట్టించుకునేవాడు కాదు. మామూ అలా అనుకోడు. కొనడం ఆగిపోయినప్పుడు జనం కిరాయాకి ఉంటారు కాబట్టి మందీలో ఇంట్లో పొయ్యి వెలిగించేది అదే. కిరాయాకి వచ్చినవాడు నాలుగేళ్ళకు కొనడానికి వస్తాడు, ఇల్లు కిరాయాకి ఇచ్చిన ఖాలా ఎప్పుడో ఒకరోజు అమ్మడానికి పిలుస్తుంది. మిస్త్రీ భాయ్ దొరికింది కూడా ఆ దారిలోనే. ఇప్పుడు తమ్ముడి ఇంట్లో ఒక ఖాయిదా ఉంది. పెద్ద సౌదా కమీషన్ వస్తే ఆరు నెలల ఇంటి ఖర్చా దుల్హన్ చేతికి పోతుంది. ఆ రకమ్‌ను ముట్టుకోవడానికి వాడికి ఇజాజత్ లేదు. బయానా రకమ్ ఒక్క రాత్రి కూడా తన దగ్గర పెట్టుకోడు. అది అమానత్, పైగా ఇల్లూ జమీన్ సౌదాలో 20 వేలు, ఆ పైన నఖద్‌గా ఇచ్చిపుచ్చుకోవడం చట్టానికి విరుద్ధం. చెక్కు కొనేవాడి చేతి నుంచి అమ్మేవాడి చేతికి పోవాలి.

మామూ తీసుకోనివి ఇంకో మూడు ఉన్నాయి. నోటరీ కాగజ్ మీద మాత్రమే చేతులు మారిన ప్లాటు. నోటరీ ముద్ర పడితే మాలిక్ అయిపోరు, జీపీఏతో అమ్మినా మాల్కియత్ మారదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. గుంటల లెక్కన గల్ఫ్ వాళ్ళకు అంటగట్టే ఫామ్ జమీన్. ఎన్‌ఆర్‌ఐ వ్యవసాయ భూమిని విరాసత్‌గా పొందవచ్చు గానీ కొనడానికి వీల్లేదు. మూడోది, "నాకు ఇంత నెట్ ఇచ్చెయ్, పైన ఎంతైనా నువ్వు తీసుకో" అనే మాలిక్. అలాంటి సౌదాలో కొనేవాడికి అసలు ధర దాచాలి. రేట్లు పెరిగే రోజుల్లో ఆ దాపరికం దాగుతుంది. మందీలో కొనేవాడు నెమ్మదిగా వస్తాడు, నలుగురిని అడుగుతాడు, దొరికిపోతాం. ఇద్దరి దగ్గరా చెప్పి చెరొక శాతం తీసుకుంటే రాత్రి నిద్ర పడుతుందంటాడు మామూ.

ఇంతసేపూ దలాల్ ఎలా ఉండాలో రాశాను. ఇప్పుడు మన సంగతి. దలాల్ ఇల్లు చూపించాక, అతన్ని తప్పించి రాత్రిపూట మాలిక్ ఇంటికెళ్ళి సౌదా చేసుకునే షరీఫ్ ఇళ్ళు మన మొహల్లాల్లో తక్కువేమీ కాదు. "రెండు గంటలు తిరిగినదానికి లక్ష ఎందుకివ్వాలి?" అంటారు. ఆ రెండు గంటల వెనక ఏడు నెలల కోర్టు తిరుగుడు, ముప్పై ఏళ్ళ రిజిస్టర్ బుక్కు ఉంటాయి. పనికి ఉజ్రత్ ఎగ్గొట్టే చోట ఈమాన్‌దార్ దలాల్ ఎన్నాళ్ళు నిలబడతాడు? అతను క్యాబ్ ఎక్కుతాడు, ఆ ఖాళీలోకి ప్రీ-లాంచ్ వాడు వస్తాడు. కాబట్టి కమీషన్ ఎంతో ముందే మాట్లాడుకోండి, కాగితం మీద రాసుకోండి, రిజిస్ట్రీ రోజే ఇచ్చేయండి. ఇచ్చే ముందు కాగజ్ సంగతి, వారిసుల సంగతి, చెరువు సంగతి, వక్ఫ్ సంగతి గట్టిగా అడగండి. చెప్పలేనివాడికి బయానా దాకా కూడా పోవద్దు.

నల్గొండలో ఆ బహెన్ ఇల్లు చూసుకుంటోందట. కొనేముందు కాగజ్‌లు వాట్సాప్‌లో తమ్ముడికి పంపింది. అక్కడి సౌదాలో వాడికి కమీషన్ ఏమీ రాదు. అయినా ఈ ఆదివారం బస్సెక్కి వెళ్ళి చూసివస్తానంటున్నాడు.